బల్లి పటము: ఒక ధర్మసందేహము

ఈ సంచికలో ప్రకటించుటకై నేను తీసిన ఒక ఛాయాచిత్రమును పంపవలసినదని మన సంఘ కార్యదర్శిగారు నన్ను రెండు మారులు కోరిరి. మొదటి మారు చూతమంటిని. రెండవ మారు పంపజాలనంటిని. కారణమేమని వారడిగిరి. అది ఫోనులో చెప్పదగిన సంగతి కాదు గనుక వ్రాసి పంపెదనంటిని. వ్రాయ మొదలిడిన పిదప అది ఉత్తరపు హద్దులు దాటిపోయినది. అయిన దానినే వ్యాసముగా వేసికొందుమని వారనిరి. కావున చదువరులు దీనిని పండితుని వ్యాసముగా గాక, ఒక గుమాస్తా ఇచ్చుకొనిన సంజాయిషీగా చదువ ప్రార్థన.

నేను 1976లో తెలుగు మాధ్యమముననే ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి, మరుసటి యేడు లింగిచెట్టి వీధిలో రేవు సరకుల వ్యవహారములు చూచు ఒక కచేరిలో లెక్కల గుమాస్తాగా చేరి, నలువది ఏండ్లకు పైగా పద్దులు వ్రాసి విరమించితిని. మా తాతగారు నెల్లూరు సీమనుండి ఎండుమిర్చి వ్యాపారమునకై చెన్నపురికి వచ్చి, గోవిందప్ప నాయకుని వీధికి చేరువనున్న ఒక సందులో ఇల్లు కట్టుకొనిరి. సున్నపు గోడలు, టేకు దూలములు, వానిపై ఇటుకలు నిలువుగా పేర్చి వేసిన మద్రాసు మిద్దె. అట్టి ఇండ్లలో నున్నవారికి బల్లులను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. కొత్వాల్ చావడి అంగడి 1996లో కోయంబేటికి తరలిపోవు వరకు మా వీధులలో రేయింబవళ్ళు కూరగాయల కుళ్ళు, దానికై ఈగలు, ఆ ఈగలకై బల్లులు. అంగడి పోయినది, ఈగలు తగ్గినవి. బల్లులు మాత్రము మాతో నిలిచిపోయినవి. ఇంటి పన్ను కట్టువాడను నేనే గాని, ఇంటిని నాకంటె నిండుగా అనుభవించుచున్నవి అవియే.

విరమణానంతరము మా అల్లుడుగారు తాము వాడి విడిచిన కెమెరాను నాకిచ్చిరి. దానికి తగిన నూరు మిల్లీమీటర్ల మాక్రో లెన్సును, అదియు ఒకరు వాడినదే, నా పింఛను సొమ్ముతో కొంటిని. పక్షులను తీయవలెనన్నచో వేడంతాంగలు వరకు పోవలెను. నా మోకాళ్ళు అందుకు సమ్మతింపవు. ఇంటనున్న జీవములలో ఇంటావిడను పటము తీయబోయిన ఆమె కొంగు అడ్డము పెట్టుకొనును. మిగిలినది బల్లి.

ఈ లెన్సు పని యెట్టిదో ఎరుగనివారికై నాలుగు మాటలు చెప్పెదను. సామాన్యపు లెన్సుతో చేరువనున్న చిన్న వస్తువును తీయబోయినచో అది మసకబారును. మాక్రో లెన్సు వస్తువునకు జానెడు దూరము వరకు పోయి, దానిని ఉన్న పరిమాణమునకు తగ్గకుండ లోపలి ఫలకముపై పడవేయును. అర అంగుళపు బల్లి తల ఫలకముపైనను అర అంగుళమే యుండును. ఆ బొమ్మను గడియారపు గాజంత పెద్దది చేసి చూచుకొనవచ్చును. అయితే ఈ సమీపదృష్టికి ఒక వెల కలదు. అంత చేరువలో స్పష్టముగ కనబడు లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. కన్ను స్పష్టమైన ముక్కు మసక. ముక్కు స్పష్టమైన కన్ను మసక. ఆ లోతును కొంత పెంచుటకు లెన్సులోని రంధ్రమును మిక్కిలి చిన్నది చేయవలెను. రంధ్రము చిన్నదైన వెలుతురు చాలదు. వెలుతురు చాలనపుడు ముసలివాని చేయి వణకు పటములో పడును. అందుచేత ఫ్లాష్ దీపము తప్పనిసరి. అది సెకనులో వేయవ వంతో, అంతకంటె తక్కువయో వెలిగి యారిపోవును. ఆ లిప్తలో ప్రపంచము కదలదు. నా చేయి వణకినను వణకనట్లే. ఈ విద్యుద్దీపమును ఛాయాగ్రహణమునకు అలవరచి వ్యాప్తిలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికా దేశపు ఎడ్జర్టన్ అను ఆచార్యుడు. 1930 ప్రాంతముల పని అది. అంతకు ముందు మెగ్నీషియము పొడి అంటించి పొగలో పటములు తీసెడివారు. మా తాతగారి పెండ్లి పటములో అందరును ఉలికిపడినట్లుండుటకు అదియే కారణమని మా నాన్నగారు చెప్పెడివారు.

మొదటి పటము కంప్యూటరు తెరపై చూచిననాడు నాకు కలిగిన ఆశ్చర్యము ఇప్పటికిని తీరలేదు. అరువది యేండ్లు తలపైన తిరుగుచుండిన జీవమును నేను ఒక్కనాడును చూచియుండలేదని నాకు ఆనాడు తెలిసినది. బూడిదరంగు తోలనుకొన్నది ఆవగింజలవంటి పూసలు కుట్టిన వస్త్రము. కనుపాప నిలువు గీత. దాని అంచులు తిన్నగా నుండక నొక్కులు నొక్కులుగా నున్నవి. కంటి చుట్టును తేనెరంగులో నరములవలె అల్లిక. ఇంటి బల్లికి ఆడించుకొనదగిన రెప్ప లేదు. కన్నుపై పారదర్శకమైన పొర యొకటి కప్పియుండును. దుమ్ము పడిన నాలుకతో తుడుచుకొనును. పాదము క్రిందిభాగము మెట్లు మెట్లుగా నుండును. ఆ మెట్లపై కంటికి గాని నా లెన్సుకు గాని అందని సన్నని నూగు కలదనియు, ఆ నూగు చివరలు మరల వందలాదిగా చీలియుండుననియు, వాని మూలముననే బల్లి గోడను పట్టుకొనుననియు, అందు జిగురు గాని పీల్పు గాని లేదనియు, కేవలము అణువుకును అణువుకును గల సన్నిహితాకర్షణ చేతనే అది నిలుచుననియు 2000, 2002 సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మనవారు ఉడుముపట్టును ఉపమానము చేసిరి గాని, ఇంటిలోనే దానిని మించిన పట్టు ఉన్నదని ఎరుగరైరి.

మా క్రిందిభాగమున అద్దెకున్న ఒకావిడకు బల్లి యన్న ఒడలు జలదరించును. చీపురుతో కొట్టి క్రింద పడవేసి బయటికి ఊడ్చివేయుట ఆమె నిత్యకృత్యము. పాపభీతి కలిగినవారే, కాని భయము పాపభీతిని మించినది. ఒకనాడు మా ఇంటికి వచ్చి తెరపైనున్న ఆ కన్నును చూచి, ఇది ఏ ఆభరణము బొమ్మ అని యడిగినది. బల్లి కన్నని చెప్పగా చాలసేపు మాటాడక నిలుచుండి, “ఏమమ్మా, ఇంత బాగుంటుందా దీని కన్ను!” అని మా ఇంటావిడతో అన్నది. ఆ తరువాత చీపురు పైకెత్తలేదు. ఆ సంగతి నాకు గర్వకారణమైనది. ఆ గర్వమే తరువాతి కథకు మూలమని నేను తలంచుచున్నాను.

మన ఇండ్లలో బల్లికి గల స్థానము విచిత్రమైనది. మాట మధ్య బల్లి పలికిన ‘సత్యము’ అని వ్రేలితో బల్లపై తట్టుదుము. మీద పడిన పంచాంగము తెరచి, ఏ యవయవముపై పడిన ఏ ఫలమో చూచుకొందుము. తిన్నగా పోయి తలస్నానము చేయుదుము. కంచి వరదరాజస్వామి కోవెలలో పైకప్పున నున్న బంగారు బల్లిని, వెండి బల్లిని తాకినవారికి ఆ దోషము అంటదని నమ్ముదుము. అచ్చటికి పోజాలనివారు, పోయి వచ్చినవారిని ముట్టుకొని తృప్తిపడుదురు. గురువుగారి నీళ్ళకుండలో బల్లి పడియుండుటను చూచుకొనని శిష్యులిద్దరు శాపమున బల్లులైరని అచటి స్థలపురాణము. ఆ కథలో నన్ను ఆకర్షించునది శాపము గాదు, నేరము. వారి నేరము చూడకపోవుట. నా నేరము మరియొక విధముగ చూచుట.

జరిగిన సంగతి యిది. గత సంవత్సరము వేసవి సెలవులకు మా మనుమడు వచ్చెను. ఇంజనీరింగు చదువుచున్నవాడు, చురుకైనవాడు. బల్లి నాలుకతో కన్ను తుడుచుకొనుచుండగా పటము తీయవలెనని నేను మూడు నెలలుగా ప్రయత్నించుచుంటిని. అది చేయునపుడు నేను సిద్ధముగ నుండను; నేను సిద్ధముగ నున్నపుడు అది చేయదు. “తాతా, గోడమీద ఉన్నదాన్ని ఎన్నాళ్ళని తీస్తావు? పట్టుకుని పళ్ళెంలో పెడితే సరి” అనెను వాడు. మా ఇంటావిడ లోపలినుండి, “ఏమండీ, అది దేవుడి గదిలో దీపం దగ్గర తిరిగేది. దాని జోలికి పోకండి” అని హెచ్చరించినది. నేను విననట్లు నటించితిని. వాడు స్టూలెక్కి స్టీలు గిన్నె బోర్లించెను. గిన్నె అంచు క్రింద తోక పడినది. పడిన తోక తెగి నేలపై తన కాలమున తాను కొట్టుకొనుచుండెను. బల్లి గిన్నెలో నున్నది.

అప్పుడైనను విడువవచ్చును గదా! విడువలేదు. పళ్ళెములో తెల్లకాగితము పరచి దానిని వదలితిమి. అది పారిపోజూచెను. పురుగులను చల్లబరచిన కొంతసేపు కదలక పడియుండునని, కొందరు అట్లు చేసి పటములు తీయుదురని వాడెక్కడనో చదివియుండెను. ఫ్రిజ్జులో ఐదు నిమిషములు పెట్టుదమనెను. నేను వలదనలేదు, ఆలోచించుచుంటిని. ఆ ఆలోచించుచుండుటయే నేను తరువాత అన్నిటికంటె ఎక్కువగా సిగ్గుపడిన విషయము. “ఫ్రిజ్జులో నైవేద్యానికి పాలున్నాయి. దాన్ని అందులో పెట్టారంటే మీ ఇద్దరికీ రేపటినుంచి వంట లేదు” అని ఇంటావిడ అడ్డుపడుటచేత ఆ పని తప్పినది. ఇంతలో బల్లి అలసియో, భయపడియో, కాగితముపై కదలక నిలిచినది. నేను జానెడు దూరమునుండి పదునేడు మారులు ఫ్లాష్ వెలిగించితిని. లెక్క నాకెట్లు తెలిసినదన, కెమెరా లెక్క వ్రాసి యుంచును. మనము దీపము మెరసిన కన్ను మూసికొందుము. దానికి మూసికొనుటకు రెప్ప లేదు.

పటములను తెరపై పెద్దవి చేసి చూచితిమి. పదునాల్గవ పటము మిక్కిలి చక్కగా వచ్చినది. అంచునుండి అంచునకు స్పష్టత. కార్యదర్శిగారు కోరునది దానినే. దానిలో బల్లి ప్రక్కకు ఒరిగి యుండుటచేత పొట్ట కనబడుచున్నది. ఇంటి బల్లి పొట్ట తోలు పలుచన. వెలుతురు పడిన లోపలిది బయటికి తెలియును. అందు తెల్లగా, గుండ్రముగా, ప్రక్కప్రక్కన రెండు గ్రుడ్లు.

తరువాత కొన్ని పుస్తకములు తిరుగవేసితిని. బల్లి తోకను ఊరక ఊగించుటకు పెంచుకొనదు. తిండి దొరకనినాటికి కావలసిన కొవ్వును అందు దాచుకొనును. గ్రుడ్లు పెట్టునట్టి ఆడుబల్లికి ఆ నిలువ మరింత అవసరము. శత్రువు పట్టుకొన్నపుడు ప్రాణమునకు మారుగా ఆ నిధిని చెల్లించి తప్పించుకొనును. మరల మొలచు తోకలో వెన్నుపూసలుండవు. మృదులాస్థి కడ్డీ మాత్రముండును. మా బల్లి ఆ నిధిని చెల్లించినది. కాని తప్పించుకొనలేదు. వెల తీసికొని సరుకు అప్పగింపని వర్తకునివలె మేము దానిని పళ్ళెములో పెట్టుకొంటిమి.

మహాభారతము ఆదిపర్వములోని మాండవ్యుని కథ చదువరులెరుగుదురు. దొంగలు ఆశ్రమమున దాగియుండుటచేత రాజభటులు మునిని శూలమున కొఱ్ఱువేసిరి. ఆయన యమధర్మరాజు సభకు పోయి, ఏ పాపమున నాకిది కలిగెనని యడిగెను. నీవు బాల్యమున చిన్న పురుగులను పుడకతో గ్రుచ్చి ఆడుకొంటివి, దాని ఫలమిదియని యముడు చెప్పెను. ఎరుగని ప్రాయమున చేసిన స్వల్పాపరాధమునకు ఇంత దండనయా యని ఋషి కోపించి, నీవు భూమిపై పుట్టుమని శపించి, పదునాలుగేండ్ల లోపల చేసినది పాపముగా లెక్కింపబడకుండునట్లు హద్దు నిర్ణయించెను. ఆ శాపమున పుట్టినవాడే విదురుడు. చిన్ననాడు ఈ కథ విని, ఋషి గెలిచెనని సంతోషించితిని. ఇప్పుడు నా వయస్సు అరువది నాలుగు. ఋషి ఇప్పించిన మినహాయింపు నాకు యాబదియేండ్ల క్రిందటనే చెల్లిపోయినది. మా మనుమనికి సయితము ఐదారేండ్ల క్రింద చెల్లినది. అంతేగాక, ఆ కథలో యముడు తప్పు లెక్క వేసెనని ఋషి వాదింపలేదు. దండన ఎక్కువైనదని మాత్రమే వాదించెను. పురుగు బాధ పడలేదని ఇరువురిలో ఎవరును అనలేదు.

ఇక కార్యదర్శిగారి పక్షము. వారు మాటనేర్పరులు, పూర్వము ఉపాధ్యాయులు. నా ఉత్తరము సగము చదివియే ఫోను చేసి మూడు మాటలు చెప్పిరి. మూడును తీసివేయదగినవి గావు.

మొదటిది, దీపము చేత కీడు కలుగునని నిశ్చయమేమి యని. ఇది న్యాయమైన ప్రశ్న. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు సముద్రపుటడుగున నుండు చేపల విషయమై, నీటిగుఱ్ఱములతో సహా, ఈ పరీక్షనే చేసిరి. ఫ్లాష్ వెలిగించుటచేత, మనిషి దగ్గర నిలుచుటకంటె మించిన మార్పు వానిలో కనబడలేదు. చేతితో తాకి కదల్చినపుడు మాత్రము అవి ఎక్కువగ కలవరపడినవి. అది చేపల సంగతి. బల్లి కంటి తీరు వేరు. రాత్రి తిరుగు ఒక జాతి బల్లికి మసక వెన్నెలలో సయితము రంగులు తెలియునని 2004లో స్వీడను శాస్త్రజ్ఞులు చూపిరి. రంగులు పోల్చుటలో దాని కన్ను మన కంటికంటె 350 రెట్లు సూక్ష్మమని లెక్క. వెన్నెలలో రంగులు చూచు కంటికి జానెడు దూరమున ఫ్లాష్ ఎట్లుండునో ఊహింపవచ్చును. అయినను నేను ఈ విషయమున పట్టుపట్టను. నన్ను బాధించునది దీపము గాదు, గిన్నె.

రెండవది, శాస్త్రజ్ఞులు చేయుదానితో పోల్చిన నీవు చేసినదెంత యని. ఇదియు సత్యమే. తిరుమల కొండలలో బంగారు బల్లి యను జాతి కలదు. దానిని 1870లో వర్ణించి పేరు పెట్టినవాడు మన మద్రాసు రాజధానిలో అటవీశాఖాధికారిగా నుండిన బెడ్డోము దొర. ఆ కాలమున ఒక జీవమును వర్ణించుటయన, దానిని చంపి సారాయి సీసాలో నిలువచేయుట. ఆ పిమ్మట చిరకాలము అది ఎవరి కంటను పడక, నశించెనేమో యనుకొనుచుండగా, 1980 తరువాత తిరుమల ప్రాంతముననే మరల కనబడినది. 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో డేనియలుగారును సహచరులును ఆ వార్త ప్రకటించిరి. ఇప్పుడు చాలవరకు పటములతోనే జాతులను గుర్తింపగలుగుచున్నారు. సీసాకు బదులు కెమెరా వచ్చుట అహింసవైపు ఒక అడుగు గాదా యని కార్యదర్శిగారి వాదము. అగును. నేను ఒప్పుకొంటిని. అయితే బెడ్డోముకు తెలియని జీవమును తెలిసికొను పని యుండెను. నా గోడపైని బల్లి లోకమునకు తెలియనిది గాదు. నాకు కావలసినది జ్ఞానము గాదు; జ్ఞానము మూడు నెలల ముందే పొందియుంటిని. కావలసినది మెప్పు. ఇంతకును మెప్పు కొరకు చేసిన పనులు ఎంత దూరము పోవునో లోకములో చూచుచునే యున్నాము. 2009లో లండనులో వన్యజీవి ఛాయాచిత్రములకు ప్రథమ బహుమానమందిన తోడేలు పటమును, అది మచ్చికయైన తోడేలని తేల్చి, 2010 జనవరిలో రద్దుచేసిరి. అచట మోసపోయినవారు చూచువారు. ఇచట చూచువారెవరును మోసపోరు. పటము నిజమైనదే. అందుచేతనే నాది ఇంకను చిక్కు ప్రశ్న.

మూడవది వారి బలమైన వాదము. క్రిందింటావిడ సంగతి నేనే వారికి పూర్వము చెప్పియుంటిని. ఒక్క పటము చూచి ఒక్కరు చీపురు దించిరి. ఈ సంచిక మన కుటుంబములన్నిటికిని పోవును. ఇంటింట ఒక్కరు దించినను ఎన్ని బల్లులు బ్రతుకును? ఒకదాని తోక పోయినది, నూరింటి ప్రాణము నిలుచును. మిగులు ఎటువైపు నున్నదో లెక్కలవాడివి నీవే చెప్పుమనిరి.

లెక్కలవాడను గనుకనే చెప్పుచున్నాను. నలువది యేండ్లలో నేను నేర్చినది ఒక్కటే విద్య: ఎవరి ఖాతా వారిది. రాముని ఖాతాలో ఖర్చు వ్రాసి కృష్ణుని ఖాతాలో జమ వ్రాసిన అడుగున మొత్తము సరిపోవును. దొర సంతోషించును. రాముడు మాత్రము మునిగిపోవును. మొత్తము సరిపోయినంత మాత్రమున పద్దు ధర్మమైనదని గుమాస్తా యెవడును అనడు. ఆ నూరు బల్లులు ఎచటనో బ్రతుకును గాక, సంతోషమే. దేవుని గదిలో దీపము దగ్గర తిరుగునది ఆ బేరమునకు ఒప్పుకొనలేదు. దానినడిగినవారు లేరు. దాని ఖాతాలో జమవైపు ఏమి వ్రాయుదుము? ఈ ప్రశ్నకు కార్యదర్శిగారు, ఆ విధముగ నాలోచించిన లోకములో ఏ మేలును జరుగదనిరి. అదియు నిజమే కావచ్చును. వైద్యశాస్త్రములో జంతువులపై జరుగు పరీక్షలను గూర్చి పెద్దలు ఈనాటికిని తేల్చుకొనలేకున్నారు. ఒక గుమాస్తా తేల్చునా? కాని రోగిబిడ్డ ప్రాణము కొరకు చేసిన పనికిని, సంచిక ముఖపత్రము కొరకు చేసిన పనికిని ఒకే వాదము అక్కరకు వచ్చుచున్నదన్నచో, ఆ వాదమునే కొంత అనుమానింపవలసియున్నది.

ఇచట నాకు భాగవతములోని నృగమహారాజు జ్ఞప్తికి వచ్చును. కచేరిలో నున్నప్పుడు మేమందరమును ఆయనను మా వృత్తివానిగా భావించి నవ్వుకొనెడివారము. లెక్కకు మిక్కిలిగా గోవులను దానమిచ్చిన రాజు. ఇచ్చిన ఆవు ఒకటి తప్పి వచ్చి మరల మందలో కలిసినది; దానినే ఎరుగక మరియొక బ్రాహ్మణునకు ఇచ్చెను. ఒకే ఆవు రెండు పద్దులలో పడినది. మొదటివాడు నాది యనెను. దానికి బదులు లక్ష ఆవులిత్తునన్నను వినక పోయెను. ఆ ఒక్క తప్పునకు ఆ రాజు ఊసరవెల్లియై పాడునూతిలో పడి, శ్రీకృష్ణుని హస్తస్పర్శ వరకు వేచియుండెను. లక్ష ఆవులు ఒక ఆవునకు సరి గాకపోయినవి, అది అతని ఆవు గనుక. పుణ్యము పర్వతమంత యున్నను ఆ ఒక్క పద్దు దానిలో కరగలేదు. ఇంతకును ఆయన పొందిన జన్మ బల్లిజాతిదే యగుట నాకిప్పుడు వేళాకోళముగా తోచుటలేదు.

మా వీధిలో జైనులెక్కువ. షావుకారుపేట యనునదే వారి పేట. నా యీడు వర్తకుడొకాయన సాయంకాలము అరుగుపై కూర్చుండి మాటాడుచుండును. ఆయనతో ఈ సంగతి చెప్పితిని. దీపము వెలిగించి పటములు తీయుటయే తప్పనునేమో యనుకొంటిని. ఆయన అట్లనలేదు. “తప్పు చేశావు, తెలిసింది. ఆ పటం ఇంట్లో పెట్టుకో, రోజూ చూడు. అందరికీ చూపించి మెప్పు తీసుకున్నావంటే ఆ తప్పుకు లాభం పంచుకున్నట్లే” అనెను, మా తెలుగులోనే, తన యాసతో. మా సంఘ కార్యదర్శిగారి మూడు వాదములకును సరియైన సమాధానము ఇదియో కాదో నాకు తెలియదు. నేను పంపకుండుటకు కారణము మాత్రము ఇదియే. తప్పును నాకు చూపినదియు ఆ పటమే యనుట మరువరాదు. ఆ లెన్సు లేనిచో గ్రుడ్లు లేవు. గ్రుడ్లు కనబడనిచో తోక తెగుట నవ్వులాట. దగ్గరగా చూచుటవలననే పాపము చేసితిని, దగ్గరగా చూచుటవలననే అది పాపమని యెరిగితిని. అందుచేత చూచుటయే మానవలెనని కొందరు మిత్రులు చెప్పు మాట నా మనస్సునకు ఎక్కదు.

ఆ రాత్రియే బల్లిని దేవుని గదిలో విడిచితిమి. మూడు వారములు అది కనబడలేదు. మా మనుమడు సెలవులు ముగిసి పోవుచు, రైలెక్కుముందు, “కనిపించిందా తాతా?” అని యడిగెను. లేదంటిని. ఆషాఢములో ఒకనాటి రాత్రి గోడ గడియారము వెనుకనుండి తోక మొండియైన బల్లి యొకటి వెలికివచ్చెను. అదియే యని నేను నమ్ముచున్నాను. ఇంటావిడ రూఢిగ చెప్పుచున్నది. పొట్ట పలుచనై యున్నది. గ్రుడ్లు ఎక్కడనో పెట్టెనో, తోకలోని నిలువ లేక లోపలనే కరగినవో చెప్పజాలను. దీపావళికి ఇల్లు సర్దుచు వెంకటేశ్వరస్వామి పటము దించగా, దాని వెనుక గోడ పగులులో రెండు డొల్లలు కనబడినవి. మా ఇంట బల్లులు పెక్కు గలవు. ఆ డొల్లలు ఏ బల్లివియో! ఇంటావిడ వానిని ఊడ్చివేయలేదు. స్వామి పటమును తిరిగి అచటనే తగిలించినది.

లెన్సును అమ్మివేయలేదు. ఇప్పుడు గోడపైనున్నదానినే, అది యున్నచోటనే, ట్యూబులైటు వెలుతురులో, స్టూలుపై కూర్చుండి తీయుచున్నాను. వణకు తెలియును, మసక తెలియును. నాలుకతో కన్ను తుడుచుకొను పటము ఇంతవరకు దొరకలేదు. మా మనుమడు సంక్రాంతికి వచ్చినపుడు పదునాల్గవ పటమును వానికి మరల చూపి, పొట్టలోని రెండు గ్రుడ్లను వ్రేలితో చూపెదను. ఆ రాత్రి వానికి నేను వానిని సరిగా చూపలేదు; స్పష్టత బాగుగ వచ్చినదని మాత్రము చెప్పితిని.

కార్యదర్శిగారు ఒట్టి చేతులతో పోకుండుటకై ఈ కాగితములతో వేరొక పటమును జతపరచుచున్నాను. పదియడుగుల దూరమునుండి, ఫ్లాష్ లేక తీసినది. గోడ, గడియారము, పాత క్యాలెండరు, ట్యూబులైటు చివర కనబడును. బల్లిని వెదకి చూడవలెను. గడియారమునకు ఎడమప్రక్క, ఆరు అంకెకు కొంచెము దిగువగా నున్నది.